ఇనుపక్క కుడిచెయ్యి

1973 ఆగస్టు 6

మూడో పెన్ను కూడా విరిగింది. పాళీ కాదు, పెన్నే. నాన్న నాలుగో పెన్నుకి సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఇచ్చాడు. ఇది ఆగింది. ఈ పేజీ అంతా కుడిచేత్తోనే రాస్తున్నాను.

ఈ ఇనుప చెయ్యి చేసిపెట్టిన భీమశంకరం గారు రోజూ ఏదో ఒకటి రాయమన్నారు. ఇనుప వేళ్ళకు చిన్న పనులు అలవాటు కావాలిట. బరువులెత్తడం తేలికే, పెన్ను పట్టుకోవడమే కష్టం అన్నారు. ఏం రాయాలో చెప్పలేదు. చూపించమనీ అనలేదు. అడిగినా చూపించను.

ఆగస్టు 9

రుద్రారం దగ్గర ఇటుకల లారీ బోల్తా పడింది. క్లీనరు కాలు కింద ఇరుక్కుంది. జాకీ కోసం ఎవరో పరుగెత్తారు. వాళ్ళొచ్చేదాకా ఆగేలా లేదు. అంచు పట్టుకుని ఎత్తాను. ఎత్తింది చెయ్యే, కానీ నడుము నాది. ఇంకా నొప్పిగానే ఉంది. కాలు బయటికి లాగుతుంటే ఆ క్లీనరు ఏమన్నాడో తెలుసా? "అక్కా, పైలం, సైడు అద్దం పలుగుతది. ఓనరు నన్నే తిడ్తడు."

పిల్లలు బస్టాండు దాకా వెంట వచ్చారు. "ఇనుపక్కా, ఇనుపక్కా" అని. పోయిన నెల బొంతపల్లిలో బావిలో పడ్డ బర్రెను తీసినప్పటి నుంచి ఆ పేరు. కాదనలేను, బాగుంది.

ఆగస్టు 10

నిన్న లారీ ఎత్తినందుకు, నడుముకి కట్టుకునే బ్యాటరీ పెట్టెలో చార్జీ తొందరగా తరిగిపోయింది. పొద్దున పంపు దగ్గర నీళ్ళు పడుతుంటే పూర్తిగా పోయింది. చార్జీ పోయినప్పుడు పిడికిలి ఎలా ఉంటే అలాగే బిగుసుకుంటుంది. బకెట్టు చేతిలోనే ఉండిపోయింది. నాన్న, అమ్మ, నేను ముగ్గురం లాగాం. రాలేదు. పటాన్‌చెరులో భీమశంకరం గారి షెడ్డులో ఉన్న చార్జరుకి పెడితే తప్ప తెరుచుకోదు. బకెట్టుతోనే బస్సెక్కాను.

కండక్టరు చూసి, "లగేజీ టికెట్టు తీస్కోవాలె" అన్నాడు.

"దించుతానంటే రావట్లేదండీ."

"గట్లయితె నిన్ను గుడ లగేజీల రాయాలె" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

చార్జరు ఒక్కటే ఉంది. దాని తాళం ఆయన దగ్గరే ఉంటుంది.

ఆగస్టు 19

పటేల్‌గూడ బోనాలకు వెళ్ళాం. అమ్మకు ఇష్టం లేదు. "మన వైపు ఇలాంటివి లేవు, మనకెందుకు" అంది. లింగం పిలిచాడని నాన్న తీసుకెళ్ళాడు. లింగం షెడ్డులో ఫిట్టరు. నన్ను చెల్లె అంటాడు. రంగం చెప్పేది వాళ్ళమ్మే, సోమమ్మ. పచ్చికుండ మీద నిలబడి అమ్మవారి మాట చెబుతుంది. మిగతా రోజుల్లో షెడ్డు గేటు బయట జొన్నరొట్టెలు అమ్ముతుంది.

వానలు, పంటలు, పశువుల రోగం, అన్నీ అయ్యాక నా వైపు తిరిగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూస్తున్నట్టు లేవు. "ఇనుము తొడిగిన పిల్ల ఇనుముతోనే కొడ్తది. నన్ను నమ్మినోళ్ళనే కొడ్తది."

డప్పులు ఆగిపోయాయి. అందరూ నన్నే చూశారు. అమ్మ నా ఎడమచెయ్యి పట్టుకుని జనంలోంచి బయటికి లాక్కొచ్చింది. నాన్న ఫ్యాక్టరీ క్వార్టర్సు చేరేదాకా ఏడుస్తూనే ఉంది.

నాకేమీ అనిపించలేదు. అలాంటివి నమ్మను.

ఆగస్టు 20

నమ్మను.

సెప్టెంబరు 4

ఢిల్లీ నుంచి ఒకాయన వచ్చాడు. తెల్ల సఫారీ, కాళ్ళకు కొత్త బూట్లు. షెడ్డు వెనక పరీక్ష పెట్టారు. ముందు ఇటుకలు. తర్వాత రైలు పట్టా ముక్క. తర్వాత గోనెసంచిలో ఇసుక కుట్టి, తలా మెడా పెట్టి నిలబెట్టిన బొమ్మ.

"మెడ దగ్గర పట్టుకో అమ్మాయ్" అన్నారు భీమశంకరం గారు.

పట్టుకున్నాను. ఇసుక కారిపోయింది. ఆయన మీటరులో ముల్లు చూసి ఢిల్లీ ఆయన భుజం తట్టారు. నేను పదోతరగతి పాసైన రోజు నాన్న కూడా అంత సంతోషపడలేదు.

ఢిల్లీ ఆయన వెళ్ళాక భీమశంకరం గారిని అడిగాను, లారీ ఎత్తి చూపిస్తే సరిపోయేది కదా అని.

"లారీలెత్తడానికి క్రేనులున్నాయి హైమా. ఇది మనుషుల కోసం చేశాను. రేపు ఇలాంటివి వంద కావాలంటారు. గుంపుల్ని చెదరగొట్టడానికి తుపాకులక్కర్లేదు. నువ్వు దేనికి తయారయ్యావో నీకింకా తెలియదు. తెలిసినప్పుడు నువ్వే చేస్తావు."

ఆయన ఈ మాట అరవలేదు. చేతికి గ్రీజు పూస్తూ మామూలుగా అన్నారు.

సెప్టెంబరు 5

నిన్న రాసింది మళ్ళీ చదివాను. ఆయన మాటలు సరిగ్గా గుర్తులేక అలా రాసి ఉంటాను. నాకు చెయ్యి ఇచ్చిన మనిషి ఆయన. రెండేళ్ళ కింద రేకులు కొట్టే ప్రెస్సులో చెయ్యి పోయినప్పుడు ఆస్పత్రి దగ్గర వారం పాటు కూర్చున్నది ఆయనే. నాన్న అప్పుడు ఆదివారాలు ఆయన షెడ్డులో టర్నరు పని చేసేవాడు. క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళిన నేను కింద పడ్డ రేకు తీయబోయాను. ప్రెస్సు దిగింది. తప్పు నాదే. జాగ్రత్తగా ఉండాల్సింది.

సెప్టెంబరు 22

షెడ్డులో ప్రెస్సు నడిపే నర్సింహ వేళ్ళు పోయాయి. అదే ప్రెస్సు. చేతికీ ప్రెస్సుకీ మధ్య అడ్డు కమ్మీ ఉండాలి. అది ఉంటే ముక్కలు ఆలస్యంగా వస్తాయని ఎప్పుడో తీసేశారు. దాన్ని మళ్ళీ పెట్టేదాకా ప్రెస్సు నడిపేది లేదని లింగం వాళ్ళంటున్నారు.

జాగ్రత్తగా ఉండాల్సింది. నర్సింహ కూడా.

ఆయుధపూజ

పొద్దున వెళ్ళినప్పుడు చేతికి కుంకుమ లేదు. వచ్చినప్పుడు ఉంది. క్రమంగా రాస్తాను.

షెడ్డులో మిషన్లన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టారు. బంతిపూల దండలు వేశారు. లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పంతులు ఒక్కొక్క మిషను ముందూ ఆగి హారతి ఇస్తున్నాడు. భీమశంకరం గారు నన్ను పిలిచి లేతుకీ ప్రెస్సుకీ మధ్య నిలబెట్టారు. "దీనికీ పెట్టండి పంతులు గారూ. ఇదీ మన మిషనే కదా." అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టున్నాను. పంతులు చేతి మీద బొట్టు పెట్టి, మోచేతి దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు చెయ్యంతా కారాయి.

అప్పుడు లింగం ముందుకొచ్చాడు. "సారూ, ప్రెస్సుకు అడ్డం పెట్టకుంట కుంకుమ పెడ్తె ఏం ఫాయిదా?"

"పూజ అయ్యాక మాట్లాడదాం" అన్నారు భీమశంకరం గారు.

"పోయినేడు గుడ గిదే మాటన్నరు." నా వైపు తిరిగాడు. "చెల్లె, నువ్వు ఆడెందుకు నిలబడ్డవ్? మిషన్ల వరుసల నీకేం పని? నీ చెయ్యి మింగింది నీ పక్కన దండేసుకొని ఉన్నది, సూడు. తీసుకున్నోడే ఇచ్చిండు. దండం పెట్టుకుంట నిలబడ్తవా?"

"హైమా, వాణ్ణి బయటికి పంపు" అన్నారు భీమశంకరం గారు.

లింగం మణికట్టు పట్టుకున్నాను. బయటికి నడిపిద్దామనే పట్టుకున్నాను. విరిగింది. చప్పుడు వినిపించింది.

కొబ్బరినీళ్ళు లోపలికి పోయాయి. పంతులూ అదే అన్నాడు, భీమశంకరం గారూ అదే అన్నారు. నీళ్ళు తగిలి చెయ్యి పట్టేసింది. ఇంకేముంటుంది.

అదే రోజు

పూజ చేసిన పనిముట్టు రేపటిదాకా ముట్టకూడదని అమ్మ చెయ్యి విప్పించింది. దేవుడి గూట్లో నాన్న కొలతలు తీసే వెర్నియరు పక్కన పెట్టమంది. పెట్టే ముందు నాన్న మోచేతి మూత విప్పి చూశాడు. లోపల తడి ఉంటే తుప్పు పడుతుందిట. రబ్బరు వాషరు తీశాడు. వేలు పెట్టి చూశాడు. వాషరుకి పూసిన పౌడరు వేలికి అంటుకుంది. పొడిగానే ఉంది.

నా వైపు చూశాడు. మూత బిగించి గూట్లో పెట్టాడు.

వేడికి ఆరిపోయి ఉంటుంది.

దసరా

జమ్మి తీసుకుని లింగం ఇంటికి వెళ్ళాను. చెయ్యి గూట్లోనే ఉంచి వెళ్ళాను. జాకెట్టు చెయ్యి మడిచి పిన్నీసు పెట్టుకున్నాను. ఇలా బయటికి వెళ్ళి చాలా నెలలైంది.

సోమమ్మ అలుకుతోంది. "గడప కాడనే నిలబడ్డవేంది? లోపలికి రా. పండుగ పూట వచ్చినోళ్ళను నేనెట్ల ఎల్లగొడ్త?" అంది.

లింగం కుడిచేతికి పట్టీ. నేను ఎడమచేత్తో జమ్మాకు ఇచ్చాను. అతను ఎడమచేత్తో తీసుకున్నాడు.

సోమమ్మ చూసి, "గిదేం బంగారం ఇచ్చుకునుడు! ఇద్దరిదీ ఎడమచెయ్యే" అని నవ్వింది. లింగం నవ్వలేదు.

"కొబ్బరినీళ్ళు పోయినయంట గద" అన్నాడు.

అవునన్నాను.

"నిజమేనా?"

"అందరూ అదే అంటున్నారు."

"గట్లయితె నాకు భయం, చెల్లె. రేపు ఆయన ఇంకోటి చెప్తడు. నీ చెయ్యి చేస్తది, నువ్వు ఆపలేవు. కొబ్బరినీళ్ళతోని నేనేం మాట్లాడత? అదే నువ్వే విరగ్గొట్టినవనుకో, నాకు భయం లేదు. కోపం ఉంటది. నీతోని మాట్లాడొచ్చు."

వచ్చేటప్పుడు సోమమ్మను పక్కకు పిలిచి అడిగాను, బోనాల నాడు నా గురించి అలా ఎందుకు చెప్పావని.

"ఏం చెప్పిన?"

"నమ్మినవాళ్ళనే కొడతానని."

"నాకేం యాది లేదు బిడ్డా. కుండ దిగినంక ఏదీ యాదుండదు. ఊరోళ్ళు చెప్తె ఇంటేనే నాకు గుడ ఎరుకైతది." అలుకుగుడ్డ పిండింది. "నిజంగనే గట్ల చెప్పిన్నా? నా కొడుకునే కొట్టిస్తనా నేను? అమ్మవారికి జెర బుద్ధుండొద్దా?"

అక్టోబరు 8

కొబ్బరినీళ్ళే.

అక్టోబరు 9

కొబ్బరినీళ్ళే అయి ఉండాలి. వాషరు పాతది.

అక్టోబరు 11

వాషరు కొత్తదే. జూన్‌లో నాన్నే మార్చాడు.

అక్టోబరు 12

నేనే.

అక్టోబరు 13

లింగం ఆ మాట అనగానే కోపం వచ్చింది. భీమశంకరం గారి మీద రావాల్సింది లింగం మీద వచ్చింది. ఎందుకంటే చెయ్యి ఇచ్చింది ఆయన. ఆయన చెడ్డవాడైతే ఈ చెయ్యి ఏమవుతుంది? రుద్రారం లారీ, బొంతపల్లి బర్రె, ఇనుపక్క, అన్నీ ఏమవుతాయి? అందుకని నొక్కాను. ఎంత నొక్కుతున్నానో నాకు తెలుసు. పెన్ను విరగకుండా పట్టుకోవడం నేర్చుకున్నదాన్ని, మణికట్టు విరుగుతుందని తెలియదా?

ఇది రాశాక ఆకలేసింది. అమ్మ పెసరట్లు వేసింది. నాలుగు తిన్నాను.

అక్టోబరు 17

షెడ్డు పని ఆగిపోయింది. లింగం వాళ్ళు గేటు రెండు రెక్కల్నీ గొలుసుతో చుట్టి తాళం వేసి బయట కూర్చున్నారు. అడ్డు కమ్మీ పెట్టండి, నర్సింహను పనిలోంచి తీసెయ్యకండి. ఇంతే అడుగుతున్నారు.

చెయ్యి చార్జీకి వెళ్ళి చాలా రోజులైంది. నడుము పెట్టె మీది చార్జీ ముల్లు కిందిగీత దగ్గరకొచ్చింది. చార్జరు లోపల ఉంది.

అక్టోబరు 18

భీమశంకరం గారు కారులో క్వార్టర్సుకి వచ్చారు. అమ్మ కాఫీ ఇచ్చింది. తాగుతూ చెప్పారు. రేపు కొత్త మనుషులతో లారీ వస్తుందిట. వెల్డర్లందరూ గేటు బయటే కూర్చున్నారు కాబట్టి గొలుసు కోసేవాళ్ళు లేరు. "నువ్వు తెంపాలి. అడ్డం వస్తే పక్కకి నెట్టాలి. ఎక్కువ నొక్కక్కర్లేదు, నీకు తెలుసుగా ఎంత నొక్కాలో." ఇలా అంటూ నా వైపు చూసి నవ్వారు. కొబ్బరినీళ్ళు కాదని ఆయనకు మొదటి నుంచీ తెలుసన్నమాట.

"అమ్మాయి చిన్నపిల్లండీ" అన్నాడు నాన్న.

"అందుకే చలపతిరావు గారూ, రోజూ బస్సుల్లో తిరగడం ఎందుకు? చార్జరు మీ ఇంట్లోనే పెట్టిస్తాను. తాళం అమ్మాయి దగ్గరే ఉంటుంది."

అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. చార్జరు ఇంట్లో ఉంటే నా చెయ్యి నాది. ఎవరూ తీసుకోలేరు. ఎక్కడ లారీ పడినా వెళ్ళొచ్చు. ఒక్కసారి గేటు తెరిస్తే చాలు. ఒక్కసారే.

వస్తానన్నాను.

ఆయన వెళ్ళాక నాన్న అడిగాడు. "నిజంగా వెళ్తావా?"

"వెళ్ళకపోతే ఇంకొకరిని పెడతారు. లేకపోతే పోలీసుల్ని తెస్తారు."

"అది నేనడిగినదానికి జవాబు కాదమ్మా."

జవాబు నాకూ తెలియదు. భుజం దగ్గర పట్టీలు ఒంటిచేత్తో విప్పుకోవడం ఎలాగో మళ్ళీ ఒకసారి చూపించమన్నాను. చూపించాడు. ఎందుకని అడగలేదు.

అక్టోబరు 20

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు పడిపోతున్నాయి. నిన్నటి సంగతి.

గేటు ముందు ముప్ఫై, నలభై మంది ఉన్నారు. ఆడవాళ్ళు ముందు కూర్చున్నారు. లారీ దూరంగా ఆగి ఉంది. అందులో మనుషులు మా వైపు చూడట్లేదు. భీమశంకరం గారు కారు దిగి, "వెళ్ళు హైమా" అన్నారు.

నడిచాను. సోమమ్మ రొట్టెల గంప పక్కన పెట్టుకుని దారికి అడ్డంగా కూర్చుంది. లేవలేదు. "రాయే బిడ్డా. నేను చెప్పిందే అయితదేమో చూద్దం" అంది. భయపడ్డట్టు లేదు. లింగం లేచి నిలబడ్డాడు. పట్టీ చెయ్యి గుండె దగ్గర పెట్టుకున్నాడు.

"అన్నా, కొబ్బరినీళ్ళు కాదు. నేనే" అన్నాను.

"నాకెరుకే" అన్నాడు.

"కోపముందా?"

"బరాబరుంటది. ఇప్పుడేం చేస్తవో చెప్పు."

పక్కకు జరగమన్నాను. జరిగాడు. ఎందుకని అడగకుండానే. వెనక నుంచి భీమశంకరం గారు, "శభాష్. ఒక్క గుంజు గుంజు" అని అరిచారు.

గొలుసును, గేటు రెండు రెక్కల కడ్డీలను కలిపి పిడికిట్లోకి తీసుకున్నాను. గుంజితే అన్నీ ఊడి వచ్చేవి. ఆ సంగతి చేతికి తెలుస్తోంది, నాకూ తెలుస్తోంది. గుంజాలని ఉంది. అబద్ధమెందుకు, చాలా గుంజాలని ఉంది. ఊడి వస్తే ఎంత బాగుంటుందో భుజం దాకా తెలిసింది.

గుంజలేదు. బిగించాను. ముల్లు కిందిగీత దాటేదాకా బిగిస్తూనే ఉన్నాను. నడుము దగ్గర పెట్టె గుయ్‌మని ఆగిపోయింది. పిడికిలి అలాగే ఉండిపోయింది. అప్పుడు ఎడమచేత్తో నడుము పెట్టె పట్టీ, భుజం పట్టీలు ఒక్కొక్కటీ విప్పాను. చివరిది రాకపోతే సోమమ్మ లేచి పళ్ళతో లాగింది.

గేటుకు చెయ్యి వేలాడుతోంది. నేను ఇవతల ఉన్నాను.

భీమశంకరం గారు పరుగెత్తుకొచ్చారు. వేళ్ళు పట్టి లాగారు. బకెట్టు రోజు మేం ముగ్గురం లాగినట్టే. లారీలోంచి ఎవడో, "సార్, బజార్ సే గ్యాస్ కట్టర్ లావుఁ? హాథ్ కాట్ దేంగే" అన్నాడు, బజారు నుంచి కట్టరు తెచ్చి చెయ్యి కోసేస్తారట. "ముట్టుకున్నావంటే చంపేస్తా" అని ఆయన వాడి మీద విరుచుకుపడ్డారు. పదకొండేళ్ళు పట్టింది ఆయనకు ఆ చెయ్యి చెయ్యడానికి. గేటు కావాలంటే దాన్ని కొయ్యాలి. కొయ్యరు. తెరవాలంటే చార్జరు కావాలి. చార్జరు గేటు లోపల ఉంది. వైరు లాగే ఎలక్ట్రీషియను లింగం పక్కన కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఆయన గేటెక్కబోయారు.

"సారూ, జెర పైలం, ప్యాంటు చినుగుతది" అంది సోమమ్మ.

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. లారీలో వాళ్ళు కూడా.

నాకు నవ్వు రాలేదు. కుడివైపు తేలికైపోయి నడుస్తుంటే పక్కకు ఒరిగిపోతున్నాను. రోడ్డు దాకా లింగం పక్కనే నడిచాడు, పడితే పట్టుకోవడానికి.

అక్టోబరు 24

భీమశంకరం గారు చివరికి దిగొచ్చారు. ప్రెస్సుకి అడ్డు కమ్మీ పెట్టారు. నర్సింహను ఉంచుకున్నారు. ఎలక్ట్రీషియనే గేటు దూకి వైరు లాగి, చేతికి చార్జీ పెట్టాడుట. పిడికిలి తెరుచుకోగానే ఆయన దాన్ని గోనెలో చుట్టుకుని కారులో పెట్టుకున్నారని లింగం చెప్పాడు. నా గురించి అడగలేదుట.

పొద్దున దొడ్డి గోడ దగ్గర పిల్లలు ఇద్దరు నిలబడి, "ఇనుపక్కా" అని పిలిచారు. బయటికి వెళ్ళాను. పిన్నీసు పెట్టిన చేతివైపు చూశారు. ఒకడు, "మా గాలిపటం మీ చెట్టుకు చిక్కింది, తీస్తవా?" అన్నాడు. కర్ర తెచ్చి ఎడమచేత్తో తీశాను. చాలాసేపు పట్టింది.

నవంబరు 2

ఆ ఢిల్లీ ఆయన మళ్ళీ వచ్చి వెళ్ళాడుట. గోనెసంచి మూట కారులోంచి మళ్ళీ షెడ్డులోకి వచ్చిందని లింగం చెప్పాడు. తలుపులు వేసుకుని పని చేస్తున్నారుట.

చెయ్యి ఉంది. తొడుక్కునేవాళ్ళు లేరు. దాన్ని ఎవరికైనా పెట్టాలంటే ముందు వాళ్ళ చెయ్యి పోవాలి.

మధ్యాహ్నం బస్సెక్కి షెడ్డుకి వెళ్ళాను. లోపలికి రానివ్వలేదు. కిటికీలోంచి చూశాను. అడ్డు కమ్మీ ప్రెస్సుకి ఉంది. బోల్టులు నాలుగూ ఉన్నాయి.

రేపు మళ్ళీ వెళ్ళి చూస్తాను.